గళ్ళు కావు, గడీలు

గుడికి బహువచనం గుళ్ళు. బడికి బళ్ళు. మడికి మళ్ళు. చదరంగం పలక మీద ఒక్కటుంటే గడి, అరవై నాలుగుంటే గళ్ళు. మరి దొర ఉండే గడికి? గళ్ళు అని తెలంగాణలో ఏ ఊళ్ళోనూ ఎవరూ అనరు. గడీలు అంటారు. చదువుకున్నవాళ్ళు, చదువు రానివాళ్ళు, దొరలు, కూలీలు అందరూ ఇదే మాట అంటారు. వ్యాకరణం చదివి నేర్చుకున్న తేడా కాదిది. నాలుకకు తెలిసిన తేడా.

ఈ చిన్న తేడాలో పెద్ద చరిత్రే ఉంది. 'డి'తో ముగిసే మన మాటలు బహువచనంలో 'ళ్ళు'గా మారతాయి. కావడి కావళ్ళవుతుంది, ఎవరూ జోలికి పోకుండా దానంతటదే అవుతుంది. బయటి నుంచి దీర్ఘంతో వచ్చిన మాటలు అలా కరగవు. లాఠీ లాఠీలు, హవేలీ హవేలీలు, కచేరీ కచేరీలు, రౌడీ రౌడీలు. చివరి దీర్ఘాన్ని పట్టుకొని, దాని పక్కన 'లు' చేర్చుకొని నిలబడతాయి. గడీలు ఈ వరసలోది. ఏకవచనంలో మనం దాన్ని పొట్టి చేసి 'గడి' అనేశాం, కాబట్టి అది చదరంగం గడిలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఒకటి కంటే ఎక్కువయ్యేసరికి దాని పుట్టిల్లు బయటపడుతుంది.

అంటే మన దగ్గర ఉన్నవి రెండు గడులు. (ఇక్కడ గళ్ళు అనాలో గడీలు అనాలో తేలక నేను 'గడులు' అని రాశాను. రెండు మాటలనూ కలిపి చెప్పే బహువచనం తెలుగులో లేదు.)

మొదటి గడి మనది. దాని పాత అర్థం హద్దు. కన్నడంలో ఈనాటికీ 'గడి' అంటే సరిహద్దే, సరిహద్దు సీమను గడినాడు అంటారు. పాత తెలుగులో గడిదుర్గం అంటే రాజ్యం అంచున కాపలాకు కట్టిన కోట. నాలుగు వైపులా హద్దు గీసిన చోటు కాబట్టి చదరంగంలోది గడి, పులిజూదంలోది గడి, వారపత్రికలో అక్షరాలు నింపేది గడి. చీరకు గళ్ళు, లుంగీకి గళ్ళు. బాగా ఆరితేరినవాణ్ణి 'గడిదేరాడు' అంటారు. అందులోని గడి కూడా హద్దే అనుకుంటే అర్థం చక్కగా కుదురుతుంది: నేర్వవలసినదాని చివరి అంచు దాకా వెళ్ళొచ్చినవాడు.

రెండోది గఢీ. రాయ్‌గఢ్‌లో, చిత్తోడ్‌గఢ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న గఢ్ అంటే కోట. దానికి చిన్నదనం చెప్పే 'ఈ' చేరితే గఢీ. డబ్బా పెద్దది, డబ్బీ చిన్నది అని మనకు తెలుసు కదా, అదే పద్ధతి. మరాఠ్వాడా ఊళ్ళలో దేశ్‌ముఖో పాటీలో ఉండే గోడకట్టు ఇంటిని గఢీ అంటారు. నిజాం రాజ్యంలో మరాఠ్వాడా, తెలంగాణ ఒకే ఏలుబడి కింద ఉన్న కాలంలో దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, పాటీల్, పట్వారీ వంటి మాటలు ఇక్కడ పాతుకున్నాయి. ఆ మనుషుల ఇంటికి పేరుగా గఢీ కూడా ఆ బండిలోనే వచ్చింది. ఒత్తు దారిలో రాలిపోయి గడీ అయింది. ఒత్తులు రాలిపోవడం మనకు కొత్త కాదు. దీర్ఘం మాత్రం బహువచనంలో ఇంకా మిగిలింది.

గడిదుర్గంలోని గడే పొట్టిదై దొర గడి అయిందని ఎవరైనా అనవచ్చు. అర్థం దగ్గరగానే ఉంది. ఆ వాదం నాకూ ఆకర్షణీయంగానే తోస్తుంది, ఎందుకంటే మాట మనదే అని చెప్పుకోవడం ఎవరికైనా ఇష్టమే. కానీ అదే నిజమైతే జనం గళ్ళు అనాలి. ఎన్ని తరాలు గడిచినా ఎవరూ అనలేదు. నా మటుకు నాకు ఈ బహువచనం కంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఈ రెండు మాటలూ ఎదురుపడే చోటు ఒకటుంది. అది కామారెడ్డి జిల్లా పడమటి కొస. ఎల్లారెడ్డి దాటి, నిజాంసాగర్ దాటి, మంజీర అవతలికి పోతే బిచ్కుంద, మద్నూర్, జుక్కల్. ఒకవైపు నాందేడ్, ఒకవైపు బీదర్. అక్కడి బజారులో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ నడుస్తాయి. అదే మనిషి నోట కన్నడంలో గడి అంటే సరిహద్దు, మరాఠీలో గఢీ అంటే దేశ్‌ముఖ్ ఇల్లు, తెలుగులో గడి అంటే ఏదన్నది మాట సందర్భాన్ని బట్టి. భాషాశాస్త్రం చదివే విద్యార్థికి ఇంతకంటే మంచి తరగతి గది దొరకదు.

ఇప్పుడు దోమకొండకు వద్దాం. కామారెడ్డి పట్నానికి దగ్గరలోని మండల కేంద్రం. కామినేని వంశం వారి సంస్థానం అక్కడిది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి అన్న ఊళ్ళ పేర్లు ఆ ఏలికల కుటుంబంలోని వాళ్ళ పేర్లేనని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. వెనక పేట అనో పల్లి అనో లేకుండా ఉత్త మనిషి పేరే ఊరి పేరు కావడం ఈ వైపు ప్రత్యేకత. 'కామారెడ్డికి పోయొస్త' అంటే కొత్తవాళ్ళు ఎవరింటికో అనుకుంటారు. ఎల్లారెడ్డిలోని ఎల్లను చూసి అది హద్దు అన్న అర్థంలోని ఎల్ల అని తొందరపడకూడదు. అది ఎల్లయ్య, ఎల్లవ్వల ఎల్ల, అంటే ఎల్లమ్మ తల్లి పేరు. 

దోమకొండలోని రాతిగోడల కట్టడాన్ని అక్కడివాళ్ళు గడి అంటారు, కోట అంటారు, ఎక్కువగా 'గడికోట' అంటారు. పత్రికలూ అలాగే రాస్తాయి. గడి అంటేనే చిన్న కోట కదా, మళ్ళీ కోట ఎందుకు? పావు అంటేనే రొట్టె, అయినా మనం పావురొట్టె అన్నాం. కొత్త మాట పక్కన మన మాటను నిలబెట్టి అర్థం చెప్పుకోవడం తెలుగుకు పాత అలవాటు. అయితే గడికోటలో ఇంకో సంగతి కూడా ఉందని నాకు అనిపిస్తుంది. వనపర్తి, గద్వాల, కొల్లాపురం లాంటి సంస్థానాల్లో రాజుగారు ఉండేది కోట, బంగళా, మహలు. ఊరి దేశ్‌ముఖ్ ఉండేది గడి. దోమకొండ కట్టడానికి చుట్టూ కందకం, ఎత్తైన రాతి ప్రహరీ, లోపల కాకతీయ శైలి మహాదేవాలయం, కమానుల అద్దాల మేడ ఉన్నాయి. లక్షణాలు చూస్తే కోట. కానీ ఊరి మనిషికి అది పన్నులు కట్టించుకునే ఇల్లు, తగవు తీర్చే ఇల్లు, పిలిస్తే పోవలసిన ఇల్లు. ఆ లెక్కన గడి. ఊరు రెండు మాటలనూ వదులుకోలేక రెంటినీ అతికించుకుంది.

గడి అన్న మాటను పెద్దవాళ్ళు పలికే తీరు వినాలి. 'గడిల పనివడ్డది' అంటే దొర పిలిచాడని. పెద్ద దర్వాజ దొర గుర్రానికి, సవారీకి తెరుచుకునేది. మిగతావాళ్ళు ఆ దర్వాజలోనే కోసిన దిడ్డిలోంచి, నడుం వంచి, తల దించి లోపలికి పోవాలి. దిడ్డి అనేది కాపలాకు సౌకర్యం, పెద్ద తలుపు ప్రతిసారీ తెరవనక్కర్లేకుండా. కానీ దాని ఎత్తు మనిషి ఎత్తు కంటే తక్కువ కావడం వల్ల లోపలికి పోయేవాడు దొరకు ఎదురుపడక ముందే ఒకసారి వంగేవాడు. చెప్పులు చేతపట్టుకోవడం, ముంగట నిలబడి 'బాంచెన్' అనడం ఆ తర్వాత. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చదివినవాళ్ళకు ఈ లోకం తెలుసు. అందుకే ఇవాళ రాజకీయ సభలో 'గడీల పాలన' అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. గడి అంటే ఏమిటో ఎన్నడూ చూడని పిల్లలకు కూడా ఆ మాట కోపంతో సహా అందింది.

ఇంత బరువున్న మాటను మోస్తున్న కట్టడాన్ని బాగుచేయడం అంటే ఏమిటి? ఈ పనికి కూడా మనకు ఒకటి కాదు, నాలుగు మాటలున్నాయి, నాలుగూ నాలుగు దారులవి. గుడి పాతబడితే జీర్ణోద్ధరణ. చెరువుగట్టు తెగితే, సర్కారు బడి కురిస్తే మరమ్మతు. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. సొంత ఇల్లయితే బాగుచేయించుకున్నాం అంటాం. గడికి, కోటకు పత్రికలు రాసేది పునరుద్ధరణ. జీర్ణోద్ధరణలో పుణ్యం ఉంది, మరమ్మతులో బిల్లు ఉంది. పునరుద్ధరణలో నాకు ఎప్పుడూ ఒక చిక్కు కనిపిస్తుంది: ఉన్నదాన్ని మళ్ళీ పైకెత్తడం అన్నప్పుడు దేన్ని ఎత్తుతున్నాం, గోడనా, గోడ వెనుక అధికారాన్నా? జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఆ అధికారాన్ని మళ్ళీ ఎత్తాలని ఎవరూ కోరుకోరు. గోడ మాత్రం నిలబడాలి.

దోమకొండలో నిలబడింది. వారసుల కుటుంబమే పూనుకొని పాడుబడిన కోటను బాగుచేయించింది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దోమకొండ కోటకు మెరిట్ పురస్కారం వచ్చింది. అదే ఏడు గోల్కొండ మెట్లబావులకూ పురస్కారం దక్కింది. ప్రభుత్వ కట్టడం కాని, మహానగరానికి దూరంగా ఉన్న ఒక పల్లెటూరి కోట ఆ వరసలోకి రావడం మామూలు సంగతి కాదు. మా జిల్లా పేరు అక్కడ వినిపించినందుకు నాకు సంతోషం కలిగింది, దాన్ని దాచుకోవలసిన పని లేదు.

ఇలాంటి గోడల పని తెలిసిన మేస్త్రీ ముందు అడిగేది సున్నం గురించి. సిమెంటు పూస్తే పాత గోడ లోపలి తేమ బయటికి రాదు. అది లోపలే నిలిచి కొన్నేళ్ళకు రాయిని, ఇటుకను తినేస్తుంది. సున్నం తేమను వదిలేస్తుంది. అందుకే డంగు సున్నం కావాలి. సున్నపురాయి కాల్చి, నీళ్ళలో విరిచి, ఇసుకతో కలిపి, గుండ్రటి గాడిలో రాతి చక్రం కింద వేసి ఎద్దుతో తిప్పించేవాళ్ళు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవాళ్ళు. చేతికి వెన్నలా తగిలేదాకా తిప్పడం ఆపేవాళ్ళు కాదు. ఒక పొర ఆరాక రెండో పొర. ఆఖరి పొరను నున్నటి గులకరాయితో రుద్ది రుద్ది మెరుగు పెట్టడం. డంగు, గచ్చు, గాడి, మెరుగు: ఈ మాటలు తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. పాత కట్టడాన్ని ఒకసారి సరిగ్గా బాగుచేస్తే ఈ మాటలు ఇంకో తరానికి అందుతాయి. పునరుద్ధరణ అన్న మాటకు అసలు అర్థం ఇక్కడే ఉందని నేను అంటాను.

గోడ సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. మాట సంగతి? గడి అన్న మాటలోని వంగిన నడుమును ఏ సున్నంతో సరిచేయాలి? దీనికి జవాబు కోసం హైదరాబాదు పోవాలి, గడీ లాంటిదే ఇంకో 'ఈ' మాట దగ్గరికి.

కోఠీ. సంస్కృతంలో కోష్ఠం అంటే ధాన్యం నిలవచేసే గది, ఒంట్లో కడుపు కూడా. ధాన్యపు కొఠారు ఆ ఇంటిదే. హిందుస్తానీలో కోఠీ అంటే గిడ్డంగి, ఆ తర్వాత షావుకారు వ్యాపారం చేసే ఇల్లు, ఆ తర్వాత గొప్పవాళ్ళ భవంతి. హైదరాబాదులో ఆ మాట ముఖ్యంగా ఒక భవంతికి అంటుకుంది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కోసం 1803 ప్రాంతంలో మొదలుపెట్టిన భవనం అది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దాని రూపశిల్పి. ముందు ఎత్తైన స్తంభాలు, విశాలమైన పాలరాతి మెట్లు, మెట్లకు ఇరువైపులా సింహాలు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాయుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకొని దాడి చేసింది ఈ కోఠీ మీదనే. నూటనలభై ఏళ్ళకు పైగా ఆ మాట వింటే తెల్లదొర గుర్తొచ్చేవాడు.

ఇవాళ కోఠి అంటే? బస్సు ఎక్కేటప్పుడు కండక్టరు అరిచే పేరు. పాత పుస్తకాల బజారు. చలికోట్లు అమ్మే ఫుట్‌పాత్. 'కోఠి ఉమెన్స్ కాలేజీ'. రాసేటప్పుడు ఒత్తు వేస్తాం కానీ పలికేటప్పుడు అది కూడా పోయింది. అది నూరు లక్షల కోటి కాబోలు అనుకునేవాళ్ళూ ఉన్నారు. రెసిడెంటు మాటలోంచి పూర్తిగా వెళ్ళిపోయాడు. అతణ్ణి వెళ్ళగొట్టింది ఏ చట్టమూ కాదు, పేరు మార్పూ కాదు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఆ భవనంలోకి వచ్చింది. అప్పటి నుంచి తరాల తరబడి ఆడపిల్లలు ఆ సింహాల మధ్య మెట్లెక్కి క్లాసులకు పోయారు, అదే మెట్ల మీద కూర్చొని డబ్బాలు విప్పుకొని అన్నాలు తిన్నారు, నోట్సులు దిద్దుకున్నారు. వాళ్ళ నోళ్ళలో పడి మాట మారింది.

అయితే భవనం అలసిపోయింది. పైకప్పులు కురిశాయి, దర్బారు హాలు మూతపడింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ముప్పులో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ళ తరబడి పనులు సాగి, 2023 నాటికి ప్రధాన భవనం మళ్ళీ రూపు దిద్దుకుంది. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి పెట్టిన పేరు వీరనారి చాకలి ఐలమ్మ.

ఇక్కడ నా రెండు మాటలూ కలుస్తాయి. ఐలమ్మ పాలకుర్తి మనిషి. ఆమె పండించిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపింది విసునూరు దేశ్‌ముఖ్ గడి. ఆమె ఊళ్ళలో 'సంఘం' అని పిలిచే ఆంధ్ర మహాసభ అండతో ఆ పంటను నిలబెట్టుకుంది. 1946 జూలై 4న ఆ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య కడవెండిలో నేలకొరిగింది అదే దేశ్‌ముఖ్ కుటుంబపు గడి ముందు. గడికి తల వంచని మనిషి పేరు ఇవాళ కోఠీ మీద ఉంది. పేరు పెట్టడం సులువైన పనే, ప్రభుత్వాలు చాలా పేర్లు పెడతాయి. కానీ ఈ పేరు ఆ గోడకు అతికిందంటే, ఆ గోడ లోపల ముందే డెబ్బై ఏళ్ళకు పైగా చదువు నడిచి ఉండటం వల్ల. ఒట్టి ఖాళీ భవంతికి ఆ పేరు పెట్టి ఉంటే అది బోర్డుగానే మిగిలేది.

ఇలా చదువుకు ఇల్లయిన పాత కట్టడాలు మనకు ఇంకా ఉన్నాయి. వనపర్తి రాజమహలులో పాలిటెక్నిక్ నడిచింది. గద్వాల మట్టికోట లోపల డిగ్రీ కళాశాల ఉంది. సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది. మా ఇందూరు (నిజామాబాదు) ఖిల్లాది ఇంకో దారి. గుట్ట మీద రఘునాథాలయం ఉన్న ఆ కోటను నిజాం కాలంలో జైలు చేశారు. అందులో బందీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఖిల్లా అంటే ఈ ప్రాంతం వాళ్ళకు ఆ గోడ, ఆ బొగ్గే గుర్తొస్తాయి. కట్టినవాడి పేరు చెప్పమంటే చాలామంది చెప్పలేరు.

దోమకొండ గడికోటకు ఆ భాగ్యం ఇంకా పూర్తిగా పట్టలేదని నా అభిప్రాయం. పండగలకు, ఉత్సవాలకు జనం వస్తున్నారు, చూసి పోతున్నారు. చూడటానికి రావడం వేరు, పని మీద రావడం వేరు. రోజూ పొద్దున్నే పుస్తకాల సంచీతో పోయే చోటు అయితేనే మాట నలుగుతుంది. భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉంది, దోమకొండకు పక్కనే. అక్కడి విద్యార్థులు ఏడాదికి ఒక నెల గడికోటలో కూర్చొని పని చేస్తే బాగుంటుంది. పాత మేస్త్రీల దగ్గర సున్నం మాటలు, వెట్టి చేసిన ఇళ్ళలో మిగిలిన మాటలు, సంస్థానం కచేరీ కాగితాల్లోని ఉర్దూ, మోడీ లిపి మాటలు రాసుకోవాలి. దొర వైపు మాటలూ, దిడ్డిలోంచి వంగి వచ్చినవాళ్ళ మాటలూ ఒకే దస్తరంలో ఉండాలి. కుటుంబానికి, విశ్వవిద్యాలయానికి ఇద్దరికీ ఇది కష్టమైన పని కాదు.

ఆ పని జరిగినప్పుడు నిఘంటువులో కూడా ఒక దిద్దుబాటు చేసుకోవాలి. ఇప్పుడు చాలా చోట్ల ఒకే 'గడి' కింద హద్దు, చదరం, కోట అని అన్ని అర్థాలనూ గుమ్మరించేస్తున్నాం. రెండు ఆరోపాలు వేరువేరుగా ఉండాలి. ఒకటి గడి: తెలుగు, కన్నడంతో పొత్తు, హద్దు, చదరపు చోటు, బహువచనం గళ్ళు. రెండు గడీ: మరాఠీ గఢీ నుంచి, తెలంగాణలో దేశ్‌ముఖ్ లేక సంస్థానాధీశుని గోడకట్టు ఇల్లు, వాడుకలో గడి, బహువచనం గడీలు. దాని కింద గడిల పనివడు, గడీల పాలన, గడికోట. ఉదాహరణ వాక్యాలు దోమకొండ వాళ్ళ నోటి నుంచే తీసుకోవాలి. గడికోట దగ్గర ఇంకొంచెం ఖాళీ ఉంచాలి, రేపు అక్కడ చదువుకున్న పిల్లలు ఆ మాటను ఏ అర్థంలో వాడతారో రాసుకోవడానికి.